ఊఁ కొట్టే చెవి

స్టేషన్ ఘన్‌పూర్ పేరులోనే రైలుంది. జనగామ జిల్లాలోనే లింగాల ఘన్‌పూర్ మరొకటి ఉంది. భూపాలపల్లి దిక్కు పోతే కోటగుళ్లున్న గణపురాన్నీ ఘన్‌పూర్ అనే అంటారు. మా ఊరిని ఆ రెండింటి నుంచి విడదీసి చెప్పేది సికింద్రాబాద్–కాజీపేట లైను మీదున్న స్టేషనే. అందుకేనేమో, ఎవరైనా ఒక చిన్న స్టేషన్లో రైలు దిగితే మలుపు తిరిగే కథ మాకు ఇంటి ముచ్చటలా ఉంటుంది.

దేవదాసు అలా దిగినవాడే. శరత్‌చంద్ర ఛటర్జీ నవలలో, చివరి ప్రయాణంలో, తోడున్న ముసలి నౌకరు ధర్మదాసు నిద్రలో ఉండగా అతను పాండువా అనే స్టేషన్లో ఒంటరిగా దిగిపోతాడు. పార్వతి అత్తగారి ఊరు హాతీపోతాకు గుర్రబ్బండి అడుగుతాడు. వానలకు దారి బాగోలేదు, రాలేనంటాడు బండివాడు. పల్లకీ దొరకదు. చివరికి ఎడ్లబండే దిక్కవుతుంది. రెండు రోజుల దారి.

1953లో వచ్చిన మన తెలుగు దేవదాసును నేను ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. బిమల్ రాయ్ తీసిన దిలీప్‌కుమార్ సినిమా చూశాను. 2002లో వచ్చిన షారుఖ్‌ఖాన్ సినిమా చూశాను. అయినా పాండువా అన్న పేరు నా మనసులో పడింది నవల వింటున్నప్పుడే, పొద్దుటి ప్యాసింజర్లో, రఘునాథపల్లి దాటుతుండగా. కిటికీ అవతల కూడా సన్నగా వాన పడుతోంది. రోజూ చూసే ఆ చిన్న ప్లాట్‌ఫారాలను, జ్వరంతో ఒణుకుతూ బండి కోసం అడుగుతున్న మనిషి నిలబడ్డ చోట్లుగా మొదటిసారి చూశాను. సికింద్రాబాద్ చేరేదాకా ఫోన్ మరి తెరవలేదు.

సినిమాను ప్రేమించి, నవలను మాత్రం రేపు రేపని వాయిదా వేస్తున్నవారి కోసం ఈ అధ్యాయం. వాయిదాకు మనం చెప్పుకునే కారణాలు రెండే: చదివే తీరిక లేదు, కథ ఎలాగూ తెలుసు. మొదటిదానికి శ్రవణ పుస్తకం ఉంది. రెండోది అసలు కారణమే కాదని మా జిల్లా నాకు నేర్పింది.

లింగాల ఘన్‌పూర్ మండలం మాణిక్యాపురానికి చెందిన చుక్క సత్తయ్యగారు ఒగ్గుకథ చెబితే జనం తెల్లారేదాకా కూర్చునేవారు. మల్లన్న కథ తెలియనివాళ్లు ఆ జనంలో ఎవరున్నారు? బీరప్ప పుట్టుక పసిపిల్లలకు కూడా తెలుసు. అయినా కదలరు. ఏం జరుగుతుందో ముందే తెలిసినవాడికి తొందర ఉండదు. తొందర లేనివాడే ఎలా జరుగుతుందో వినగలడు. ఒగ్గుకథలో ప్రధాన కథకుడి పక్కన వంత కలిపేవాళ్లుంటారు, మాట మాటకూ ఊఁ అంటారు. ఇంట్లో అమ్మమ్మ కథ చెప్పినా అంతే. పిల్లవాడు ఊఁ కొట్టడం ఆపితే నిద్రపోయాడని అర్థం, కథ అక్కడితో ఆగిపోతుంది. మన భాషలో వినడమంటే నోరు మూసుకుని కూర్చోవడం ఎప్పుడూ కాలేదు. వినేవాడికి ఒక పని ఉంది, ఆ పని పేరు ఊఁ కొట్టడం.

శ్రవణ పుస్తకం వినడానికి నాకు తెలిసిన పద్ధతి ఇదొక్కటే. మిగతావన్నీ దీన్నుంచి పుట్టినవే.

మా అమ్మకు అక్షరాలు రావు. పెళ్లి కాకముందు గుడారాల టాకీసులో నేలమీద కూర్చుని దేవదాసు చూసింది. ఆ తర్వాత రేడియోలో సంక్షిప్త శబ్దచిత్రం వచ్చే రోజుల్లో సినిమాలను చెవితోనే మళ్లీ చూసింది. మాటలు, పాటలు, ఒక తలుపు చప్పుడు, ఒక ఏడుపు: గంటలో సినిమా మొత్తం వంటింట్లోకి వచ్చేది. అట్లా పెరిగిన చెవి ఆమెది. కానీ నవల అనే వస్తువు ఆమెకు డెబ్బై ఏళ్లదాకా అందలేదు. ఒక ఆదివారం కందికాయ ఒలుస్తుంటే పక్కన ఫోన్ పెట్టి దేవదాసు మొదటి అధ్యాయం వినిపించాను. మొదట్లో, కథంతా సినిమాతోనే తెలుసన్నట్టు వింది. పది నిమిషాలకు చెయ్యి ఆపింది.

"ఏంది బిడ్డా, చిన్నప్పుడు గింత ఆగం పిల్లగాడా?"

అదే ఆమె మొదటి ఊఁ.

మొహాల సంగతి

సినిమా చూసి నవల వినేవారికి మొదట అడ్డం వచ్చేవి మొహాలు. పార్వతి అనగానే సావిత్రి వచ్చి నిలబడుతుంది. దేవదాసు అనగానే అక్కినేని వాలిన కళ్లు. ఆ కళ్లలో మత్తు కనపడాలని దర్శకుడు వేదాంతం రాఘవయ్య చాలా దృశ్యాలు రాత్రిళ్లు తీశారని చెబుతారు. అంత శ్రమపడి మనలో నాటిన మొహాన్ని ఒక్క రోజులో పీకెయ్యలేం. పీకే ప్రయత్నం చెయ్యకండి. "ఇది సావిత్రి కాదు, సావిత్రి కాదు" అనుకుంటూ వింటే సావిత్రి తప్ప మరేమీ వినపడదు.

శరత్ నవల మనకు ఒక మేలు చేస్తుంది. కథ పిల్లలతో మొదలవుతుంది. వైశాఖ మధ్యాహ్నం, ఎండ, వీధి బడి, పలక పట్టుకుని విసుగుపడుతున్న పిల్లవాడు. కాసేపటికి తోటి పిల్లవాణ్ణి సున్నం కుప్పలోకి తోసేసి మామిడితోటలోకి పరుగు. అక్కడ దాక్కుని హుక్కా పీలుస్తుంటే కొంగున మరమరాలు కట్టుకుని పార్వతి వెతుక్కుంటూ వస్తుంది. ఈ పిల్లలకు తారల మొహాలు లేవు. ఇక్కడ మీ సొంత మొహాలు పెట్టుకోండి. మీ బడిలో మీ పక్కన కూర్చున్నవాడు, మీ వీధిలో మాటకు మాట చెప్పే ఆడపిల్ల. తొలి అధ్యాయాలను రెండుసార్లు వినమంటాను. రెండోసారికి ఆ పిల్లలు మీవాళ్లవుతారు. తర్వాత వాళ్లు పెద్దయి సావిత్రిలా మారినా, సావిత్రి లోపల ఆ పిల్ల ఉంటుంది. నాకు అలాగే జరిగింది. సినిమా మీద ప్రేమ తగ్గకపోగా, ఆ మొహానికి ఒక బాల్యం దొరికింది.

ఈ మొదటి భాగంలోనే ఒక మూడు రూపాయల ముచ్చట ఉంది. దేవదాసు దాచమని ఇచ్చిన మూడు రూపాయలను పార్వతి, పాటలు పాడుతూ వచ్చిన ముగ్గురు వైష్ణవ స్త్రీలకు ఇచ్చేస్తుంది. దేవదాసు కోప్పడడు. తానైతే రెండు రూపాయలే ఇచ్చేవాణ్ణంటాడు. రెండు రూపాయలు ముగ్గురికి పంచితే తలా ఎన్ని అణాలు, ఎన్ని గండాలు, ఎన్ని కౌడీలు వస్తాయో లెక్క కట్టి చూపిస్తాడు. బడి నుంచి పారిపోయిన పిల్లవాడు ప్రేమించిన పిల్ల ముందు లెక్కల పండితుడైపోవడం! పుస్తకంలో చదివితే కన్ను ఆ అంకెల మీది నుంచి జారిపోయేది. వింటున్నప్పుడు ఒక గొంతు ఆ అణాలూ గండాలూ ఒక్కొక్కటే పలకాల్సి వస్తుంది, మనం దాటలేం. మా అమ్మ ఇక్కడ కూడా ఆపించింది. "మూడు రూపాలు ముగ్గురికి సరిగ్గ పాయె గదా. పిల్లనే తెలివిగలది. ఇగ వానికి లెక్కెందుకు?" నేను ఎప్పుడూ అలా ఆలోచించలేదు. పార్వతి ఇవ్వడంలో లెక్క సరిపోయింది, దేవదాసు లెక్కలో ఇవ్వడం తగ్గింది. వాళ్లిద్దరి జీవితమంతా అక్కడే ఉందనిపించింది ఆ రాత్రి.

చేతికి పని, చెవికి కథ

వినడానికి ఏ పని జతగా పెట్టుకోవాలో చెబుతాను. చేతులకు పని ఉండాలి, మాటలకు పని ఉండకూడదు. చింతపండు గింజ తీయడం, బియ్యంలో రాళ్లు ఏరడం, బట్టలు మడతపెట్టడం, ఇస్త్రీ, పువ్వులు కట్టడం: ఇవన్నీ కథకు అనుకూలం. ఫోన్‌లో సందేశాలు చూసుకుంటూ వినడం కుదరదు. మాట మాటను తినేస్తుంది. లెక్కలు రాసుకుంటూ కూడా కుదరదు.

రైలు మంచి చోటు. ఘన్‌పూర్ నుంచి సికింద్రాబాద్ దాకా కూర్చుంటే రెండు గంటల పైచిలుకు ఎవరూ మనల్ని ఏ పనీ అడగరు. దేవదాసు పదహారు అధ్యాయాల చిన్న నవల. రోజూ పోయివచ్చేవారికి వారం కూడా పట్టదు. అయితే ఒకటి గట్టిగా చెప్పాలి. పట్టాలు దాటేటప్పుడు, ప్లాట్‌ఫారం అంచున నిలబడ్డప్పుడు చెవుల్లోవి తీసేయండి. వరంగల్ హైవే మీద బండి నడుపుతూ అసలు వినవద్దు. కథ ఎక్కడికీ పోదు.

వేగం పెంచకండి. ఒకటిన్నర రెట్లు వేగంగా వింటే గంట మిగులుతుంది, నిజమే. కానీ నవలలో ఒక మాటకూ మరో మాటకూ మధ్య చదివేవారు తీసుకున్న ఊపిరి కూడా కథలో భాగమే. సినిమాలో ఎక్కడ కళ్లు తడవాలో సంగీతం చెబుతుంది. దేవదాసు సంగీతం సంగతి చెప్పనక్కర్లేదు: సి.ఆర్.సుబ్బరామన్ బాణీలు, ఘంటసాల గొంతు. సినిమా విడుదలను చూడకుండానే 1952లో సుబ్బరామన్ కన్నుమూశారు, ఆ పాటలు మాత్రం మన ఇళ్లలో డెబ్బై ఏళ్లుగా ఉన్నాయి. నవల వింటున్నప్పుడు ఆ తోడు ఉండదు. మొదట్లో బోసిగా ఉంటుంది. ఆ బోసితనాన్ని వేగంతో పూడ్చకండి. మూడో రోజుకు ఆ నిశ్శబ్దంలో మీ సొంత బాధ వినబడడం మొదలవుతుంది.

దీనికి ఒక ఉదాహరణ చెబుతాను. కలకత్తా వెళ్లిన దేవదాసు పార్వతికి ఉత్తరం రాస్తాడు. తాను ఆమెను అంతగా ప్రేమించానని ఎప్పుడూ అనుకోలేదని రాస్తాడు. తెర మీద ఆ ఉత్తరం చేరిన చోట పార్వతి మొహం చూస్తాం, గుండె పిండేస్తుంది. నవల మనల్ని ఉత్తరం బయల్దేరిన చోట కూడా నిలబెడుతుంది. డబ్బాలో వేసిన మరుక్షణం నుంచి అతన్ని తొలిచే ఆలోచన: చేసింది సరేనా? ఉత్తరం చెయ్యి జారిపోయింది, వెనక్కి రాదు. ఇప్పుడు ఒక సందేశం పంపేసి రెండు క్షణాల్లో తుడిచేయగల మనకు ఈ నాలుగు వాక్యాలు వినడం చాలా అవసరం. నేను ఇక్కడ ఆపి, ఆ రోజు మిగిలిన దారంతా ఊరికే కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను.

ఆపడం గురించి ఇంకో మాట. ప్రతి అధ్యాయం చివర ఆపి, విన్నదాంట్లోంచి ఒక్క వాక్యం ఎవరికైనా చెప్పండి. భార్యకో, భర్తకో, పక్క సీటు స్నేహితుడికో. ఎవరూ లేకపోతే పైకి మీకు మీరే అనుకోండి. "పార్వతి డబ్బంతా ఇచ్చేసింది." అంతే చాలు. అదే మీ ఊఁ. ఆ వాక్యం దొరకడం లేదంటే చెవి మాత్రమే తెరిచి ఉంది, మనసు నిద్రపోయిందన్నమాట. సిగ్గుపడకుండా ఆ అధ్యాయం మళ్లీ పెట్టుకోండి. రాత్రి పడుకుని వినేవాళ్లు పావుగంటకు ఆగిపోయేలా టైమర్ పెట్టుకోండి. తెల్లారి లేచి, తెలియని చోట కథ నడుస్తుంటే వెతుక్కోలేక మానేసినవాళ్లు నాకు చాలామంది తెలుసు.

సగంలో వదిలేయబుద్ధి అయ్యే చోటు దేవదాసులో ఒకటి వస్తుంది. సినిమా చూసినవారికి చంద్రముఖి అంటే మేడ, దీపాలు, నాట్యం. నవల రెండో సగంలో ఆమె ఆ బతుకు వదిలేసి ఒక పల్లెకు వెళ్లి చిన్న మట్టి ఇంట్లో ఉంటుంది. సంఘటనలు తగ్గిపోతాయి. పాట లేదు, ఆట లేదు. ఇక్కడ చాలామంది ఆపేస్తారు. దయచేసి ఆపకండి. నవల మొత్తంలో నాకు అత్యంత ఇష్టమైన భాగం ఇదే. 2002 సినిమాలో పార్వతి, చంద్రముఖి కలిసి నాట్యం చేస్తారు. శరత్ నవలలో వాళ్లిద్దరూ కలవనే కలవరు. దేవదాసు కోసం ఒకరు పెద్దింటి గోడల మధ్య, ఒకరు మట్టి గోడల మధ్య, విడివిడిగా బతుకుతారు. ఆ దూరం తెలియాలంటే ఈ నెమ్మది పేజీలను నెమ్మదిగానే దాటాలి. ఇంకొకటి: మన సినిమాలో అతని పక్కన కూర్చున్న కుక్క కోసం నవలలో ఎదురుచూడకండి. అది తెర మనకిచ్చిన కానుక.

"సినిమాలో ఇది మార్చేశారు" అనే జాబితా రాసుకుంటూ వినడం మాత్రం మానుకోండి. నేను మొదటిసారి అదే చేశాను. పదహారు అధ్యాయాలూ అయ్యాయి, నా దగ్గర జాబితా మిగిలింది, కథ మిగల్లేదు. మళ్లీ మొదటి నుంచి వినాల్సి వచ్చింది.

గొంతు, హక్కు

శరత్ ఈ నవలను పాతికేళ్లు నిండకముందే రాశాడు, 1917లో గానీ అచ్చుకు ఇవ్వలేదు. తెలుగులోకి శరత్‌ను తెచ్చినవారిలో ముఖ్యుడు చక్రపాణి, విజయా సంస్థను నిలబెట్టిన చక్రపాణే. శరత్ తెలుగువాడే అనుకుని పెరిగిన తరం ఉందంటే అది ఆ అనువాదాల చలవ. అందుకే వినేముందు అనువాదం ఎవరిదో, చదువుతున్నది ఎవరో చూడండి. మొదటి ఐదు నిమిషాలు విని, ఆ గొంతుతో మూడు గంటలు ఉండగలనా అని మిమ్మల్ని మీరు అడగండి. నాటకంలా ప్రతి పాత్రకూ గొంతు మార్చి ఊగిపోయేవారి కంటే, ఇంట్లో పెద్దవారు కథ చెప్పినట్టు చదివేవారు దొరికితే అదృష్టం.

డబ్బు కట్టి వినండి. శరత్ 1938 జనవరిలో పోయాడు. రచయిత పోయాక 60 ఏళ్లకు హక్కు తీరిపోతుందని మన చట్టం. కాబట్టి బెంగాలీ మూలం ఇప్పుడు అందరిదీ. అనువాదానికి హక్కు వేరు. చక్రపాణి 1975లో పోయారు, ఆ లెక్కన ఆయన అనువాదాలకు ఇంకా హక్కు ఉంది. చదివినవారి శ్రమ మళ్లీ వేరు. ఎవరో దొంగతనంగా ఎక్కించిన రికార్డింగు ఉచితంగా దొరుకుతుంది, సగంలో ఆగిపోతుంది కూడా. దాసుభాషితం లాంటి తెలుగు శ్రవణ పుస్తకాల వేదికలు నిలబడాలంటే వినేవాళ్లం టీ ఖర్చంత అయినా పెట్టాలి.

దేవదాసు అయిపోయాక ఎటు వెళ్లాలంటే, మా జిల్లాలకు దగ్గరి దారులు రెండు చెబుతాను. గౌతమ్ ఘోష్ తెలంగాణ రైతాంగ పోరాటం మీద తీసిన మాభూమి 1979 నాటి సినిమా. దానికి ఆధారం కిషన్ చందర్ ఉర్దూ నవల, తెలుగులో జైత్రయాత్ర. ఆ పోరాటంలో 1946 జూలై 4న దొడ్డి కొమరయ్య ప్రాణం పోయిన కడవెండి ఇక్కడికి దగ్గరే కాబట్టి ఆ సినిమాను మావాళ్లు తమ ఇంటి ఫొటోలా చూస్తారు. నవల వేరే చోట మొదలవుతుంది: తెల్లారితే ఉరి పడబోయే యువకుడు రాఘవరావు జైల్లో ఆ ఒక్క రాత్రి తన బతుకంతా తలచుకోవడం. ఒక మనిషి రాత్రంతా తనకు తాను చెప్పుకునే కథను చెవితో వినడం కంటే తగిన పద్ధతి లేదు. శ్రవణ పుస్తకం దొరక్కపోతే ఇంట్లో ఒకరు చదవండి, మిగతావారు వినండి.

రెండోది చిల్లర దేవుళ్లు. దాశరథి రంగాచార్య ఇప్పటి మహబూబాబాద్ జిల్లా చినగూడూరులో పుట్టినవారు. ఆ నవలను టి.మధుసూదనరావు సినిమాగా తీశారు. రంగాచార్య రాసిన తెలంగాణ మాట కాగితం మీద కొందరికి తడబాటుగా ఉంటుంది. పైకి చదివితే తడబాటు పోతుంది, ఎందుకంటే ఆ మాట మొదట నోటిదే.

నవల పూర్తయ్యాక సినిమా మళ్లీ చూడండి, ఒక నెల ఆగి. ముందు చూడవద్దు, మధ్యలో అసలే వద్దు. ఆ నెలలో నవల మీలో దిగుతుంది. అప్పుడు తెర మీద బండి కదులుతుంటే, దాని వెనక ఉన్న రెండు రోజుల బురదదారి మీకు తెలిసి ఉంటుంది.

ఆ దారి దగ్గరే మా అమ్మ నన్ను ఎక్కువసేపు ఆపింది. ఆఖరి అధ్యాయం. పాండువా స్టేషను వెనకబడింది, బండిలో దేవదాసు, ఎంత దూరం ఉందని బండివాణ్ణి అడుగుతున్నాడు. అమ్మ కందికాయ చేట పక్కకు పెట్టింది. తన చిన్నతనంలో ఘన్‌పూర్ స్టేషన్లో దిగి చిల్పూరు గుట్ట దిక్కు తల్లిగారి ఊరికి రాత్రిపూట ఎడ్లబండిలో పోయిన సంగతి చెప్పింది. వానకు బండిచక్రం దిగబడితే అందరూ దిగి తోయాలట. జ్వరమొచ్చినవాళ్లను మాత్రం దింపరట, గడ్డి పరిచి పడుకోబెడతారట. ఎడ్లు ఊరి వాసన పట్టగానే వాటంతటవే తొందరపడతాయట.

"గీ ఎడ్లకు ఊరు తెల్వదు గదా బిడ్డా. కిరాయి బండాయె. మెల్లగనే పోతయ్."

నవల ఎన్నిసార్లు విన్నా ఆ ఎడ్ల గురించి నాకు తట్టలేదు. కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. తర్వాత చేట మళ్లీ ఒళ్లోకి లాక్కుని, "ఊఁ, పెట్టు" అంది.